జెజు వెళ్తున్నారా? ముందు వాకిట్లోని మూడు కర్రల సంగతి తెలుసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపు ఎప్పుడైనా ఐదు రోజులు కొరియాలోని జెజు ద్వీపానికి వెళ్ళాలి. తేదీలు ఇంకా ఖాయం కాలేదు. నలుగురు మనుషులు, అమ్మగారు శాకాహారి. జలపాతాలూ కేఫ్‌లూ అందరూ చూసేవే కాబట్టి అక్కడివాళ్ళ ఆచారాలు, తిండి, కథలు దగ్గరగా చూడాలని ఉంది.

తేదీలు ఖాయం కాకపోవడమే మీ అదృష్టం. విమానం టికెట్లు కొనేముందు చాంద్రమానం క్యాలెండర్ చూడండి. జెజులో సంప్రదాయ జాతరలు చాలావరకు తిథుల ప్రకారమే జరుగుతాయి. కొరియా లెక్కలో రెండో చాంద్రమాసం మొదటి రోజు నుంచి పదిహేనో రోజు దాకా గాలిదేవత ద్వీపం మీద ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆ పక్షం ఎక్కువ ఏళ్ళలో మన ఫాల్గుణంలో పడుతుంది. 2026లో అయితే సరిగ్గా మన ఉగాది రోజున, మార్చి 19న మొదలవుతుంది. ఏ ఏడాదికైనా లెక్క సులువు: కొరియా కొత్త సంవత్సరం సొల్లాల్ ఏ రోజో చూసి, దానికి 29 లేదా 30 రోజులు కలిపితే చాలు. ఆ పక్షంలో పద్నాలుగో రోజు మీరు జెజు నగరంలో ఉండేలా చూసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ముందు నేల సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాని నుంచే వచ్చాయి. జెజు అగ్నిపర్వతం పోసిన ద్వీపం. నడుమ 1,947 మీటర్ల హల్లాసాన్, చుట్టూ ఒరుమ్ అని పిలిచే చిన్న అగ్నిపర్వతపు గుట్టలు మూడు వందలకు పైగా ఉంటాయి. వాన బాగా కురుస్తుంది గానీ నల్లరాతి నేల నీటిని నిలవనివ్వదు. ఇంకిన నీళ్ళు సముద్రపుటొడ్డున ఊటలుగా పైకొస్తాయి, అందుకే పాత ఊళ్ళు ఎక్కువగా ఒడ్డునే ఉన్నాయి. వరి మళ్ళు దాదాపు లేవు. కొర్రలు, బార్లీ, బక్‌వీట్ అనే గింజ పండించుకుని బతికారు. పొలం కడుపు నింపకపోతే సముద్రం నింపాలి, ఆ సముద్రపు పని ఆడవాళ్ళ చేతికి వచ్చింది. రాళ్ళు, గాలి, ఆడవాళ్ళు, ఈ మూడూ ఎక్కువని, దొంగలు, బిచ్చగాళ్ళు, ఇంటి గేట్లు, ఈ మూడూ లేవని ద్వీపానికి పాత సామెత.

గేట్లు లేవంటే మరి వాకిట్లో ఏముంటుంది? అటూ ఇటూ రెండు రాతి స్తంభాలు, ఒక్కో స్తంభానికి మూడేసి రంధ్రాలు, వాటిలో అడ్డంగా దూర్చే మూడు కర్రలు. దీన్ని జొంగ్నాంగ్ అంటారు. మూడు కర్రలూ కింద పడేసి ఉంటే ఇంట్లో మనుషులున్నారు, రావచ్చు. ఒకటే పెట్టి ఉంటే పక్కకే వెళ్ళారు, ఇప్పుడే వస్తారు. రెండుంటే రావడానికి కాస్త పొద్దు పోతుంది. మూడూ ఉంటే దూరం వెళ్ళారు. పశువులూ గుర్రాలూ లోపలికి రాకుండా ఆపేదీ అదే. ఇప్పుడివి జానపద గ్రామాల్లోనూ కొన్ని పాత ఇళ్ళ దగ్గరే కనిపిస్తాయి. మూడూ దించి ఉన్నా అది జనం కాపురముంటున్న ఇల్లయితే బయటి నుంచి పిలిచి, జవాబు వచ్చాకే అడుగు పెట్టండి.

ఆ కర్రలకు ఒక దేవుడున్నాడు. అతని కథ తెలిస్తే జెజు ఇల్లంతా అర్థమవుతుంది. నమ్‌సొన్బి అనే ఆయన ధాన్యం వ్యాపారానికి పోయి, ఒక మాయలాడి వలలో పడి, ఉన్నదంతా పోగొట్టుకుని, చూపు కూడా పోయి తవుడు గంజి తాగుతూ ఉంటాడు. భార్య వెతుక్కుంటూ వెళ్తుంది. వీపు రుద్దుతానని చెప్పి ఆ మాయలాడి ఆమెను చెరువులోకి తోసి చంపి, ఆమె బట్టలు కట్టుకుని ఇంటికి వస్తుంది. ఏడుగురు కొడుకుల్లో చిన్నవాడికి అనుమానం వస్తుంది, ఎందుకంటే ఆమెకు ఇంటి దారి తెలియలేదు, ఎవరి పళ్ళెం ఎవరిదో తెలియలేదు. ఆ సవతి జబ్బు నటించి, కొడుకుల కాలేయాలు తింటే గానీ తగ్గదంటుంది. చిన్నవాడు అడవిపందుల కాలేయాలు తెచ్చి ఆమె గుట్టు బయటపెడతాడు. పారిపోయి మరుగుదొడ్డిలో ఉరి వేసుకున్న సవతి మరుగుదొడ్డి దేవత అయింది. భయపడి పరుగెత్తిన తండ్రి వాకిటి కర్రలకు తట్టుకుని చచ్చి అక్కడే దేవుడయ్యాడు. కొడుకులు ప్రాణం పోసే పువ్వు తెచ్చి తల్లిని బతికించారు. చల్లటి నీళ్ళలో అన్నాళ్ళు వణికావు కదమ్మా, ఇక పొయ్యి దగ్గర వెచ్చగా ఉండమని ఆమెను వంటింటి దేవతను చేశారు. చిన్న కొడుకు ముందు తలుపు దేవుడు.

అందుకే పాత ఇళ్ళలో వంటిల్లు ఒక మూల, మరుగుదొడ్డి వీలైనంత దూరంగా మరో మూల ఉంటుంది. అక్కడి రాయి ఒక్కటి కూడా ఇక్కడికి తేకూడదు, ఆ ఇద్దరికీ పడదు కాబట్టి. ఈ దేవతలున్నంత కాలం ఇల్లు మారాలన్నా, దొడ్డి బాగుచేయాలన్నా భయమే. పెద్ద చలి రోజు దెహాన్ తర్వాత ఐదో రోజు నుంచి, వసంతం మొదలయ్యే ఇప్చున్‌కు మూడు రోజుల ముందు దాకా, అంటే దాదాపు జనవరి 25 నుంచి ఫిబ్రవరి 1 వరకు, దేవతలంతా పైకి వెళ్ళి ఉంటారని లెక్క. ద్వీపంలో చాలామంది ఇప్పటికీ ఆ వారంలోనే ఇల్లు మారతారు. ముహూర్తం చూసుకుని గృహప్రవేశం చేసే మనకు ఇది వింతగా అనిపించదు. తేడా ఒక్కటే, మనం మంచి ఘడియ వెతుకుతాం, వాళ్ళు దేవతలు ఇంట్లో లేని ఘడియ వెతుకుతారు.

ఇదంతా కళ్ళతో చూడాలంటే సొంగుప్ గ్రామానికి వెళ్ళండి. 1423 నుంచి 1914 దాకా అది ద్వీపం ఆగ్నేయ భాగానికి పాలనా కేంద్రం. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఊరు. ప్రవేశానికి టికెట్ లేదు. వీటిని గుర్తుపెట్టుకుని చూడండి: గాలికి ఎగిరిపోకుండా గళ్ళు గళ్ళుగా తాళ్ళు కట్టిన గడ్డి కప్పు, వీధి నుంచి ఇంటి వాకిలి దాకా వంకర తిరిగిన ఒల్లె అనే రాతిగోడల సందు, వంటింట్లో నేల మీద వరుసగా పెట్టిన పొయ్యిరాళ్ళు, వీపు మీద మోసే నీటి కుండ, పందులను పెంచిన రాతి మరుగుదొడ్డి. ధాన్యపు గది ముందు ఒక్క క్షణం ఆగండి. చిల్‌సొంగ్ అనే సర్పదేవత అక్కడ ఉండి గింజను కాపాడుతుందని నమ్మకం. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మన ఇళ్ళవాళ్ళకు దాని అర్థం ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని ఇళ్ళలో ఉచితంగా ఊరంతా చూపిస్తామని పిలిచి, చివర్న గుర్రపు ఎముకల పొడో, పానకమో ఖరీదైన ధరకు అంటగట్టే ప్రయత్నం జరుగుతుంది. వద్దు అనేసి బయటికి రావచ్చు, ఎవరూ పట్టుకోరు.

ఆ ఊరి గుమ్మాల దగ్గరే అసలైన దొల్‌హరుబాంగ్‌లు, అంటే రాతి తాతలు పన్నెండు మంది ఉన్నారు. విమానాశ్రయం నుంచి హోటల్ దాకా మీకు కనిపించే వందలాది బొమ్మలన్నీ కొత్తవి. పద్దెనిమిదో శతాబ్దంలో మూడు పాత పట్టణాల కోట గుమ్మాల ముందు కాపలాగా నిలిపినవి మొత్తం 48. అందులో 45 ద్వీపంలో, రెండు సియోల్‌లోని జాతీయ జానపద మ్యూజియంలో ఉన్నాయి, ఒకటి పోయింది. జెజు నగరం బొమ్మలు పొడుగ్గా గంభీరంగా ఉంటే, సొంగుప్‌వి గుండ్రటి మొహాలతో పొట్టిగా ఉంటాయి. ముక్కు ముట్టుకుంటే మగపిల్లాడు పుడతాడనే నమ్మకం వల్ల వాటి ముక్కులు అరిగిపోయాయి. మీరు మాత్రం ముట్టుకోకండి, ఆ రాయి ఇప్పటికే బోలెడు అరిగింది.

దారిలో పొలాల చుట్టూ ఉన్న నల్లరాతి గోడలను కూడా చూడండి. మట్టి గానీ సున్నం గానీ పెట్టకుండా, రాయికీ రాయికీ మధ్య సందులు వదిలి పేర్చినవి. సందుల్లోంచి గాలి కొంత పోతుంది కాబట్టే గోడ నిలుస్తుంది. ఫోటో కోసం వాటి మీద ఎక్కకండి, ఒంటి వరస గోడ ఒక రాయి కదిలితే మూరెడు కూలుతుంది. పొలం మధ్యలోనే నలుచదరంగా పేర్చిన గోడ కనిపిస్తే అది సమాధి. పశువులు తొక్కకుండా, గడ్డి తగలబెట్టినప్పుడు మంట తాకకుండా కట్టింది. గోడలో ఒక పక్క ఆత్మ వచ్చిపోవడానికి మూరెడు వెడల్పు దారి వదులుతారు, మగవారిదైతే ఎడమ, ఆడవారిదైతే కుడి. లోపలికి వెళ్ళకూడదు.

ఇక సముద్రపు ఆడవాళ్ళు, హెన్యొలు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి పది మీటర్లకు పైగా మునిగి అబలోన్ అనే పెద్ద గుల్లలు, శంఖు గుల్లలు, సముద్రపు నాచు తెచ్చేవాళ్ళు. ఇప్పుడు మిగిలింది మూడు వేల లోపే, ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరారు. సిలిండర్ వాడకపోవడం చేతకాక కాదు, కట్టుబాటు. ఒక్క ఊపిరికి అందినంతే తీస్తే సముద్రం మిగులుతుంది. ఇంకో కట్టుబాటు నాకు మరీ గొప్పగా అనిపిస్తుంది. ఒడ్డుకు దగ్గరి లోతులేని నీళ్ళను కొన్ని ఊళ్ళలో అవ్వల సముద్రం అని వదిలేస్తారు. వయసులో ఉన్నవాళ్ళు అక్కడ మునగరు. కొన్నిచోట్ల బడి సముద్రం కూడా ఉండేది, అందులో దొరికింది ఊరి బడికి.

వాళ్ళను చూడాలంటే ప్రదర్శనల కన్నా తూర్పు తీరంలో సెహ్వా, హదొ ఊళ్ళ మధ్య పొద్దున్నే నడవండి. అలల హెచ్చరిక లేని రోజు అయి ఉండాలి, పోటుపాట్లు మెత్తగా ఉండే రోజులైతే ఇంకా మంచిది. నెలలో దాదాపు సగం రోజులు వాళ్ళు నీళ్ళలోకి దిగరు. ముందు కళ్ళకు నారింజ రంగు తేలుబుర్రలు కనిపిస్తాయి. తెవక్ అంటారు, కింద వల సంచి వేలాడుతుంది. ఇప్పుడు థర్మోకోల్‌తో చేస్తున్నారు గానీ పూర్వం ఎండిన సొరకాయ బుర్రే, మన పిల్లలు నడుముకు కట్టుకుని ఈత నేర్చుకున్నట్టు. తర్వాత చెవులకు వినిపిస్తుంది సుంబిసొరి: పైకి తేలగానే బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలితే వచ్చే ఈల. దూరం నుంచి పక్షి కూత అనుకుంటారు. ఒక్కొక్కరి ఈల ఒక్కో రకం.

ఒడ్డున రాళ్ళతో గుండ్రంగా కట్టిన దడి కనిపిస్తే అది బుల్తొక్, వాళ్ళు బట్టలు మార్చుకుని చలి కాచుకునే చోటు. అక్కడ కూర్చునే తీరుకూ వరస ఉంది, అందరికన్నా నేర్పరులైన సంగున్‌లకు పొగ తగలని పక్క. వాళ్ళు వాడుకుంటున్న బుల్తొక్‌లోకి తొంగిచూడటం, ఫోటో తీయడం ఎంత మాత్రం కూడదు. తడిసి వస్తున్న పెద్దావిడ మొహం మీద కెమెరా పెట్టడం కూడా. రాళ్ళ మధ్య గుల్లలు కనిపిస్తే ఏరకండి, ఆ ఒడ్డు ఊరి మత్స్య సంఘానిది, బయటివాళ్ళు తీస్తే నేరం. శంఖు గుల్లలకు జూన్ నుంచి ఆగస్టు దాకా వాళ్ళకే నిషేధం ఉంటుంది, 7 సెంటీమీటర్ల కన్నా చిన్నవి వాళ్ళూ తీయకూడదు. హదొలో హెన్యొ మ్యూజియం ఉంది, 1932లో జపాన్ పాలకుల దోపిడీపై ఈ ఆడవాళ్ళు లేచి పోరాడిన కథ అక్కడ తెలుస్తుంది. రెండు గంటలు కేటాయించండి.

ఇప్పుడు ఆ పద్నాలుగో రోజు సంగతి. గాలిదేవత యోంగ్‌దుంగ్ హల్మాంగ్ రెండో నెల మొదటి రోజున ద్వీపానికి వస్తుంది. హల్మాంగ్ అంటే అవ్వ, జెజు భాషలో దేవతకూ అదే మాట. పొలాల్లో, సముద్రంలో విత్తనాలు చల్లుతూ తిరిగి, పదిహేనో రోజున తూర్పున ఉన్న ఉదొ దీవి మీదుగా వెళ్ళిపోతుంది. అప్పటిదాకా ఉత్తరపు గాలి చలిగా కొడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో గుల్లలు పగలగొడితే లోపల మాంసం ఉండదు, అవ్వ తినేసిందంటారు. సముద్రంలోకి దిగరు. అవ్వ కూతుర్ని వెంటబెట్టుకొస్తే వాతావరణం బాగుంటుందని, కోడల్ని తెస్తే పాడవుతుందని కొరియా దక్షిణాన చెప్పుకుంటారు. అత్తాకోడళ్ళ సంగతి అక్కడా అంతే.

జెజు నగరంలో సారాబొంగ్ గుట్ట పక్కన చిల్‌మొరిదాంగ్ అనే దేవతాస్థలం దగ్గర పద్నాలుగో రోజున వీడ్కోలు పూజ జరుగుతుంది. 2009 నుంచి ఇది కూడా యునెస్కో జాబితాలో ఉంది. పొద్దున మొదలై దాదాపు రోజంతా సాగుతుంది. పూజారిని సింబాంగ్ అంటారు. మొదట దేవతలందరినీ పిలవడం, ఊళ్ళోవాళ్ళ పేర్లు చదివి వినిపించడం ఉంటుంది. అది చాలాసేపు పడుతుంది, ఇక్కడే చాలామంది పర్యాటకులు విసుగొచ్చి వెళ్ళిపోతారు. అసలు చూడాల్సింది ఆ తర్వాత: సముద్రపు రాజును ఆహ్వానించడం, ఆపైన విత్తనాలు చల్లడం. కొర్రలు చాప మీద చల్లి, ఎక్కడ దట్టంగా పడ్డాయో ఎక్కడ పలచగా పడ్డాయో చూసి ఆ ఏడాది సముద్రపు పంట ఏ ఒడ్డున బాగుంటుందో చెబుతారు. హెన్యొలు ముందుకు వంగి ఆ గింజలనే చూస్తూ ఉంటారు. చివర్న చిన్న పడవలో నైవేద్యాలు పెట్టి సముద్రంలోకి సాగనంపుతారు. టికెట్ లేదు. వెచ్చటి కోటు వేసుకోండి, కింద కూర్చోవడానికి ఏదైనా తీసుకెళ్ళండి. సింబాంగ్‌కూ పీఠానికీ మధ్య నడవకండి, ఫ్లాష్ వాడకండి. తినడానికి ఏదైనా ఇస్తే రెండు చేతులతో అందుకోండి. దేవతకు ఇచ్చే డబ్బును ఇన్‌జొంగ్ అంటారు, వెయ్యి వాన్ల నోట్లు కొన్ని జేబులో ఉంచుకుంటే మంచిది.

తిథి కుదరకపోతే ఊరి దేవత గుడికైనా వెళ్ళండి. వీటిని దాంగ్ అంటారు. గోపురం, విగ్రహం ఏమీ ఉండవు. పెద్ద చెట్టు, చుట్టూ రాతి దడి, కొమ్మలకు తెల్ల కాగితాలూ రంగుల గుడ్డలూ. కోరిక ఉన్నవాళ్ళు ఏమీ రాయని తెల్ల కాగితాన్ని గుండెకు హత్తుకుని, మనసులో మాటంతా అందులోకి పోయిందనుకుని చెట్టుకు కడతారు. అక్షరం రాని అవ్వల ప్రార్థన అది. ద్వీపంలోని దేవతలందరికీ పుట్టిల్లుగా సొంగ్‌దాంగ్ ఊరి గుడిని చెబుతారు. అక్కడ మొదటి, రెండో, ఏడో, పదో చాంద్రమాసాల్లో పదమూడో రోజున పూజలు జరుగుతాయి. వాహుల్ ఊరి గుడిలో దేవతకు పీఠం భర్త పక్కన కాక విడిగా ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు పంది మాంసం మీద మనసు పడిందని దూరం పెట్టాడట. కొన్ని దాంగ్‌లకు ముందు రోజుల్లో పంది మాంసం తిన్నవాళ్ళు వెళ్ళకూడదనే నియమం అందుకే. గుడికి తాళం ఉంటే గోడ దూకొద్దు, కాగితాలు విప్పొద్దు.

ద్వీపాన్నే చేసిన అవ్వ ఒకామె ఉంది, సొల్ముందె హల్మాంగ్. చెంగులో మట్టి మోసి హల్లాసాన్ పోసింది, చెంగు చిరుగుల్లోంచి రాలిన మట్టే ఒరుమ్ గుట్టలు. నాకు లోపలి బట్ట ఒకటి కుట్టివ్వండి, ప్రధాన భూమికి వంతెన వేస్తానందట. నూరు కట్టల పట్టు కావాలి, ఊళ్ళన్నీ కలిసి తొంభై తొమ్మిదే కూర్చగలిగాయి. వంతెన ఆగిపోయింది. పేద ద్వీపం తన పేదరికం గురించి ఇంతకన్నా బాగా చెప్పుకోలేదనిపిస్తుంది. ఆమె ఐదు వందల మంది కొడుకులు రాళ్ళై నిలిచిన చోటు హల్లాసాన్ మీద యోంగ్‌సిల్ దారిలో ఉంది.

తిండికి వద్దాం. మొదట ఒమెగి త్తొక్ తినండి. అది మన కొర్రలే, జిగురు రకం. గింజను నానబెట్టి పిండి కొట్టి, వేడినీళ్ళతో కలిపి, గారెలా నడుమ చిల్లు పెట్టి మరిగే నీళ్ళలో వేస్తారు. కొర్ర పిండి త్వరగా ఉడకదు, చిల్లు లేకపోతే మధ్యలో పచ్చిగా మిగిలిపోతుంది. పైకి తేలాక తీసి ఎర్ర చిక్కుడు పొడిలో దొర్లిస్తారు. వాటినే మెదిపి, పులియబెట్టే గోధుమ ముద్ద కలిపితే ఒమెగిసుల్ అనే కల్లు, దాన్ని బట్టీ పెడితే గొసొరిసుల్. మార్కెట్లో మీకు కనిపించే, ఆకుపచ్చగా గుండ్రంగా లోపల తీపి ముద్దతో పైన గింజలు అంటించినవి ఈమధ్య వచ్చిన రూపం. రుచిగానే ఉంటాయి, కానీ చిల్లు ఉన్నవి దొరికితే వదలకండి. ఏదైనా అదే రోజు తినాలి, మర్నాటికి రాయి అవుతుంది. ఇంటికొచ్చి మన మామూలు కొర్రలతో చేయబోతే నీళ్ళలోనే విచ్చిపోతాయి, జిగురు లేదు కాబట్టి. సగానికి సగం జిగురు బియ్యప్పిండి కలపండి.

తర్వాత బింగ్‌త్తొక్. బక్‌వీట్ పిండిని రవ్వదోశ పిండంత పల్చగా కలిపి, సన్నసెగ మీద అట్టు పోసి, ఉడికించిన ముల్లంగి తురుము, ఉల్లికాడలు, నువ్వులు, ఉప్పు వేసి చుట్టి, చివర్లు వేళ్ళతో నొక్కుతారు. వేడి మీదే చుట్టాలి, చల్లారితే అట్టు పగులుతుంది, సాగే గుణం ఈ పిండికి లేదు. మొదటి ముక్కకు చప్పగా అనిపిస్తుంది. అది దాని తీరు. రెండో ముక్కకు ముల్లంగి తీపి తెలుస్తుంది. ఇది అమ్మగారికి సరిపోతుంది, కానీ పూర్వం పెనానికి పంది కొవ్వు రాసేవారు, ఇప్పుడు ఎక్కువచోట్ల నూనె. అడిగి కొనండి.

మాంసం తినేవాళ్ళకు పంది చుట్టూనే పెద్ద ప్రపంచం ఉంది. పెళ్ళికి, దినానికి పందిని ఉడికించి, దొగమ్ అనే పెద్దమనిషి ఒక్కడే కోస్తాడు. ఒక్కొక్కరికి మూడు మాంసం ముక్కలు, పేగులో రక్తం కూరి వండే సున్‌దె ముక్క ఒకటి, ఒక టోఫూ ముక్క. గొప్పవాడికైనా కూలివాడికైనా అంతే, దాన్నే బాన్ అంటారు. మిగిలిన ఎముకల పులుసులో మొమ్ అనే నాచు వేసి, బక్‌వీట్ పిండితో చిక్కగా చేస్తే మొమ్‌గుక్. అదే పులుసులో గోధుమ నూడుల్స్ వేస్తే గొగిగుక్సు. సమ్‌సొంగ్‌హ్యొల్ దగ్గర నూడుల్స్ వీధిలో దొరుకుతుంది. ముగ్గురు మూలపురుషులు నేలలోంచి పుట్టుకొచ్చారని చెప్పే మూడు గుంటలు అక్కడే ఉన్నాయి, రెండూ ఒకే పూటలో అవుతాయి. నల్ల పంది మాంసం కాల్చే చోట నెత్తళ్ళు ఉప్పులో ఊరేసిన మెల్‌జొత్ గిన్నె కూడా నిప్పుల మీదే పెడతారు, అది బుడగలు వచ్చాకే ముంచుకోవాలి. 2015లో ప్రకృతి స్మారకంగా ప్రకటించిన అసలు జాతి పంది వేరు, మీ పళ్ళెంలోకి వచ్చేది సంకర జాతి. అబలోన్ గంజి ఆకుపచ్చగా ఉండాలి, లోపలి భాగాలు వేస్తేనే ఆ రంగూ రుచీ. తెల్లగా ఉంటే వేయలేదన్నమాట. జారి చేప చల్ల పులుసు గురించి ఎక్కడో చదివే ఉంటారు. దాని కాలం మే నుంచి, మీరు వెళ్ళే రోజుల్లో పెడితే అది ఫ్రీజర్‌లోది.

అమ్మగారి భోజనం విషయంలో నిజం చెప్పాలి, జెజు శాకాహారికి కష్టమైన చోటు. కనిపించని చోట్లే తంటా: కిమ్చీలో చేపల రసం, కూరల్లో ఎండు నెత్తళ్ళ నీళ్ళు, పులుసుల్లో పంది ఎముకలు. "గోగి" అంటే వాళ్ళ లెక్కలో చేప కాదు, పులుసు అసలే కాదు. కాబట్టి మూడూ విడివిడిగా అడగాలి: "గోగి ఆన్ మొగొయో", మాంసం తినను, "సెంగ్‌సన్‌దో ఆన్ మొగొయో", చేప కూడా తినను, "యుక్సు మువొయెయో?", పులుసు దేనితో చేశారు? కొరియా లిపిలో రాసుకుని ఫోన్‌లో చూపిస్తే మరీ మంచిది. ప్రతి చిన్న దుకాణంలోనూ మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే అన్నం గిన్నెలు దొరుకుతాయి. కందిపొడి, ఆవకాయ గట్టి మూత సీసాలో తీసుకెళ్ళండి. తాజా కరివేపాకు, పండ్లు, విత్తనాలు వద్దు, క్వారంటీన్ దగ్గర తీసేసుకుంటారు. ఆ నెలల్లో హల్లాబొంగ్ కమలాలు బాగుంటాయి, తొడిమ దగ్గర బొడిపె ఉన్న రకం.

వీటన్నిటినీ ఒకచోట చూడాలంటే ఐదు రోజులకోసారి జరిగే సంత. జెజు నగరంలో 2, 7 అంకెలతో ముగిసే తేదీల్లో, సెహ్వాలో 5, 0తో ముగిసే తేదీల్లో. నగరం సంతలో అరవై ఐదు దాటిన అవ్వలకు విడిగా ఒక భాగం ఉంది, అద్దె లేకుండా తమ పెరటి ఆకుకూరలు, గింజలు అమ్ముకుంటారు. కొనేది అక్కడ కొనండి. బేరం ఆడొద్దు. పెద్దవాళ్ళను, ఆడైనా మగైనా, "సమ్‌చున్" అని పిలవండి. ప్రధాన భూమిలో అది బాబాయి, మేనమామ లాంటి మగవాళ్ళకే చెల్లుతుంది, జెజులో పిన్నికీ అదే. "కొమప్సుదా" అంటే ధన్యవాదాలు. ఈ రెండు మాటలకు వాళ్ళ మొహాలు ఎలా విచ్చుకుంటాయో చూడండి. 2010లో యునెస్కో అంతరించే దశలో ఉందని చెప్పిన భాష అది.

ఒక విషయం మాత్రం బరువైనది. 1947 నుంచి 1954 దాకా ఇక్కడ జరిగిన హత్యాకాండలో ఇరవై ఐదు వేల నుంచి ముప్ఫై వేల మంది చనిపోయారని అంచనా, అంటే ద్వీప జనాభాలో పదోవంతు. ఏప్రిల్ 3 స్మారక దినం. కొన్ని ఊళ్ళలో ఇంటింటా ఒకే రోజున తద్దినం పెడతారు, బుక్‌చొన్ అలాంటి ఊరు. ఎర్ర కమేలియా పువ్వు బ్యాడ్జీ కనిపిస్తే దాని గుర్తే. పెద్దవాళ్ళను మీరుగా దాని గురించి అడగకండి, చెబితే వినండి. బొంగె దగ్గర శాంతి పార్కులో ఒక పూట గడపండి.

ప్రయాణం సంగతులు కొన్ని. మొదటి రెండు రాత్రులు జెజు పాత నగరంలో, మిగతావి సెహ్వా లేదా సొంగ్సాన్ వైపు ఉండండి. 201 బస్సు తూర్పు తీరం, 202 పడమటి తీరం తిరుగుతాయి. సొంగుప్, సొంగ్‌దాంగ్ లోపలి ఊళ్ళు, అక్కడికి బస్సులు తక్కువ, ఆ ఒక్కరోజూ టాక్సీ మాట్లాడుకోవడం నయం. దారికి గూగుల్ కన్నా నేవర్ మ్యాప్ నమ్మదగినది. జెజుకు ఉన్న ప్రత్యేక వీసా సడలింపు బయటి దేశం నుంచి నేరుగా జెజులో దిగేవాళ్ళకే. సియోల్ మీదుగా వెళ్తే మామూలు కొరియా వీసా కావాలి. టికెట్ కొనేముందే రాయబార కార్యాలయంలో మీ పాస్‌పోర్టుకు ఏది వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి.